ఫోర్డ్ 8ఎన్ ట్రాక్టరు కార్బురేటర్: బరువు పడగానే ఇంజను ఆగిపోతోంది, ఏ స్క్రూ ఎటు తిప్పాలి?

నల్లరేగడి (ఒహాయో)

అందరికీ నమస్కారం. మూడు నెలల క్రితం మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక రైతు కుటుంబం దగ్గర 1949 నాటి ఫోర్డ్ 8ఎన్ ట్రాక్టరు కొన్నాను. మాకున్న నాలుగెకరాల్లో గడ్డి కోయడానికీ, కూరగాయల మడి దున్నడానికీ దాన్ని వాడుకోవాలని నా ఆశ. ఊళ్లో మా నాన్నగారికి డీజిల్ ట్రాక్టరు ఉండేది కాబట్టి ఇంజను విప్పాలంటే నాకు భయం లేదు. అయితే ఆ ట్రాక్టరుకు పంపూ నాజిళ్లూ తప్ప, పెట్రోలునూ గాలినీ కలిపే కార్బురేటర్ లేదు కనుక ఈ పెట్రోలు ఇంజను తీరు నాకు అంతుపట్టడం లేదు.

ఇబ్బంది ఇది. చోకు లాగితే ఇంజను వెంటనే అందుకుంటుంది, కొద్దిగా తడబడుతూనైనా స్లోలో నడుస్తుంది. వెనక గడ్డి కోసే యంత్రం తగిలించి పొలంలోకి దిగితే సుమారు 20 నిమిషాలకు శక్తి తగ్గి, కార్బురేటర్‌లోంచి టప్పుమని ఎదురు కొట్టి ఆగిపోతుంది. ఆగబోయే సమయంలో చోకు సగం లాగితే కాసేపు తేరుకుంటుంది. పది నిమిషాలు ఊరుకుంటే మళ్లీ స్టార్టవుతుంది. కార్బురేటర్ మార్వెల్ షెబ్లర్ టీఎస్‌ఎక్స్ 241. పాత యజమాని దాన్ని ఒక షాపులో విప్పించి శుభ్రం చేయించారట. అడుగున ఉన్న పెద్ద స్క్రూను ఒకటిన్నర చుట్టు నుంచి మూడు చుట్ల దాకా వదులు చేసి చూశాను, మార్పు లేదు. పైన ఉన్న చిన్న స్క్రూను కూడా పెట్రోలు ఎక్కువ రావాలని వదులు చేస్తే స్లో ఇంకా చెడింది. నేనెక్కడ పొరబడుతున్నానో దయచేసి చెప్పండి.

సైడ్‌వాల్వు (టెక్సస్)

నల్లరేగడి గారూ, నా దగ్గర ఇదే మోడలు ట్రాక్టరు పదేళ్లుగా ఉంది. ముందుగా స్క్రూల సంగతి చెబుతాను, ఎందుకంటే దాదాపు ప్రతి కొత్త యజమానీ ఇక్కడే దారి తప్పుతాడు. ఈ కార్బురేటర్‌కు ఉన్న రెండు స్క్రూలూ ఒకే దిశలో పనిచేయవు. అడుగున ఉన్న పెద్ద సూది మెయిన్ జెట్‌లోంచి వెళ్లే పెట్రోలును అదుపు చేస్తుంది కాబట్టి దాన్ని వదులు చేస్తే పెట్రోలు పెరుగుతుంది, బిగిస్తే తగ్గుతుంది. పైన ఉన్న చిన్న సూది మాత్రం స్లోలో వెళ్లే మిశ్రమానికి గాలిని అదుపు చేస్తుంది. దాన్ని బిగిస్తే గాలి తగ్గి మిశ్రమం చిక్కబడుతుంది, వదులు చేస్తే గాలి ఎక్కువై పలచబడుతుంది. మీరు పెట్రోలు ఎక్కువ రావాలని పై స్క్రూను వదులు చేసినప్పుడు నిజానికి గాలి పెంచారు, అందుకే స్లో చెడింది. రెండింటినీ మెల్లగా ఆనే వరకు బిగించి, అక్కడి నుంచి ఒక్కొక్క చుట్టు వదులు చేసి పెట్టండి. ఆనిన తర్వాత ఒత్తి బిగించకండి, సూది మొన మీద గాడి పడితే ఆ సూది ఇక ఏ సర్దుబాటుకూ లొంగదు.

అసలు జబ్బు అయితే స్క్రూలలో ఉందని నేను అనుకోవడం లేదు. సగం చోకుతో తేరుకుంటోందంటే ఇంజనుకు అందవలసినంత పెట్రోలు అందడం లేదన్న మాట. ఈ ట్రాక్టరులో పెట్రోలు పంపు ఉండదు, ట్యాంకు నుంచి పెట్రోలు తన బరువుతో తానే దిగుతుంది. కార్బురేటర్, సిలిండర్లకు మిశ్రమాన్ని చేర్చే మానిఫోల్డు కింద వేలాడుతూ మిశ్రమాన్ని పైకి పంపుతుంది. ఆ కొద్దిపాటి ఎత్తు ఇచ్చే ఒత్తిడి తప్ప వేరే బలం లేనందువల్ల దారిలో చిన్న అడ్డంకి ఉన్నా పొలంలో తేడా తెలిసిపోతుంది.

ఆటోనగర్ మిస్త్రీ (విజయవాడ)

బాబూ, నేను ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు అంబాసిడర్, పద్మిని కార్ల పని చేశాను. మీ ట్రాక్టరు నేను చూడలేదు కానీ, వేడెక్కాక ఆగి చల్లారాక స్టార్టయ్యే పెట్రోలు బండి ఏది వచ్చినా ముందు స్పార్కుకు కరెంటు ఇచ్చే కాయిలును అనుమానించేవాణ్ణి. కార్బురేటర్‌ను విప్పించుకోవడానికి వచ్చిన బండ్లలో చాలా వాటికి జబ్బు కరెంటు వైపే ఉండేది. స్పార్కు సరిగా ఉందని నిర్ధారించుకోకుండా స్క్రూడ్రైవరు కార్బురేటర్ మీద పెట్టవద్దని నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లందరికీ చెప్పేవాణ్ణి. ఇంజను ఆగిన మరుక్షణమే స్పార్కు చూడాలి. చల్లారాక చూస్తే ఏ కాయిలైనా మంచిదిగానే కనిపిస్తుంది.

సైడ్‌వాల్వు (టెక్సస్)

మిస్త్రీ గారి మాట గట్టిది. 8ఎన్‌లో వరస సంఖ్య 263843 వరకు, ప్లగ్గులకు స్పార్కును పంచే డిస్ట్రిబ్యూటర్ ఇంజను ముందు భాగంలో ఉంటుంది, ఆ తర్వాతి వాటికి పక్కకు మారింది. 1949 బండి కనుక మీది ముందు రకమే. అందులో చదరంగా ఉండే కాయిలు డిస్ట్రిబ్యూటర్ నెత్తి మీదే కూర్చుంటుంది కాబట్టి వేడికి దెబ్బతినడం మామూలు. ఎవరైనా 6 వోల్టుల బ్యాటరీ తీసి 12 వోల్టులు పెట్టి, తగిన రెసిస్టరు పెట్టకపోతే కాయిలు ఇంకా తొందరగా పోతుంది.

అయినా ఒక్క విషయంలో మిస్త్రీ గారితో గౌరవంగా విభేదిస్తాను. కాయిలు చనిపోతుంటే చోకు లాగినందువల్ల ఇంజను తేరుకోదు. చోకు స్పార్కుకు బలం ఇవ్వదు, మిశ్రమంలో పెట్రోలు పాలు పెంచుతుంది, అంతే. కాబట్టి నా అనుమానం ఇంకా పెట్రోలు వైపే ఉంది. వాదనకన్నా పరీక్ష మేలు కనుక రెండూ చేయండి. ఇంజను ఆగగానే ఒక ప్లగ్గు వైరును ఇంజను లోహానికి పావు అంగుళం దూరంలో పట్టి తిప్పితే నీలంగా, గట్టిగా దూకే స్పార్కు కనిపించాలి. ఇది కార్బురేటర్ విప్పకముందే, ఎక్కడా పెట్రోలు కారడం లేదని చూసుకున్నాకే చేయాలి, వైరును ఇన్సులేషన్ ఉన్న పట్టకారతో పట్టుకోవాలి.

రెండోది పారుదల పరీక్ష. ఇంజను పూర్తిగా చల్లారాక, ఆరుబయట, ట్యాంకు మూత గట్టిగా బిగించి ఉంచి, కార్బురేటర్ గిన్నె అడుగున ఉన్న బోల్టు విప్పి ఒక పైంటు (సుమారు అర లీటరు) సీసా పెట్టండి. రెండు నిమిషాల లోపు సీసా నిండాలి, చివరి దాకా ధార సన్నబడకూడదు. ఆర్పే సిలిండరు చేతికందే దూరంలో పెట్టుకోండి.

నల్లరేగడి (ఒహాయో)

నిన్న సాయంత్రం రెండు పరీక్షలూ చేశాను. గడ్డి కోస్తుండగా మామూలుగానే 20 నిమిషాలకు ఆగిపోయింది. దిగి వెంటనే స్పార్కు చూస్తే నాలుగు వైర్లకూ నీలంగా, పెళపెళమంటూ దూకుతోంది. బ్యాటరీ అసలుదే, 6 వోల్టులు, ప్లస్ వైపు బాడీకి కలిపి ఉంది. ఈ ఉదయం చల్లని ఇంజను మీద పారుదల చూశాను. సగం సీసా నిమిషం లోపే నిండింది, ఆ తర్వాత ధార దారంలా సన్నబడి చివరికి చుక్కలుగా మారింది. అయిదు నిమిషాలైనా సీసా నిండలేదు.

సైడ్‌వాల్వు (టెక్సస్)

మొదట ధారగా వచ్చి తర్వాత సన్నబడిందన్నారు చూడండి, ఆ ఒక్క వాక్యం చాలా చెబుతోంది. దారి మొదటి నుంచీ పూడిపోయి ఉంటే మొదటి నుంచే సన్నగా రావాలి. మళ్లీ అదే పరీక్ష చేసి, ధార సన్నబడిన క్షణంలో ట్యాంకు మూత మెల్లగా వదులు చేయండి. మూతలో గాలి లోపలికి వెళ్లే రంధ్రం మూసుకుపోతే, పెట్రోలు తగ్గిన కొద్దీ ట్యాంకు పైభాగంలో శూన్యం ఏర్పడి పెట్రోలును కిందికి దిగనీయదు. పది నిమిషాలు ఊరుకుంటే ఎక్కడి నుంచో కొద్దికొద్దిగా గాలి చేరి మళ్లీ బండి నడుస్తుంది. మీరు చెప్పిన 20 నిమిషాల లెక్కకు ఇది సరిపోతుంది.

మరో సంగతి. ట్యాంకు కింద గాజు గిన్నె ఉన్న కుళాయిని రెండు చుట్లే తిప్పాలి. పూర్తిగా తెరిస్తే అది రిజర్వు పెట్రోలుకు వెళ్తుంది, అడుగున ఉన్న తుప్పూ నీరూ ముందుగా వచ్చేది ఆ దారిలోనే. జల్లెడలు మూడు ఉంటాయి: ట్యాంకు లోపల కుళాయి గొట్టం మీద ఒకటి, గాజు గిన్నె పైన ఒకటి, కార్బురేటర్‌లోకి వెళ్లే వంపు గొట్టానికి ఒకటి. ఈ మూడోదాన్ని చాలామంది చూడనే చూడరు.

పైరుపచ్చ (తెనాలి)

చర్చ ఆసక్తిగా చదువుతున్నాను. మన దగ్గర ట్రాక్టర్లన్నీ డీజిలువే కావడంతో కార్బురేటర్ అంటే మాకు బజాజ్ స్కూటరే గుర్తొస్తుంది. మా తాతగారు కిరసనాయిలు మీద నడిచే నీటి ఇంజను వాడేవారు, దాన్ని ముందు పెట్రోలుతో స్టార్టు చేసి, వేడెక్కాక కిరసనాయిలుకు మార్చేవారు. పాత ట్రాక్టర్లలో కూడా ఆ పద్ధతి ఉండేదా?

సైడ్‌వాల్వు (టెక్సస్)

ఉండేది, పైరుపచ్చ గారూ. ఇంగ్లండులోని కావెంట్రీలో 1946 నుంచి 1956 వరకు తయారైన ఫెర్గూసన్ టీఈ20 ట్రాక్టరుకు పెట్రోలు రకంతో పాటు, ట్రాక్టరు వేపరైజింగ్ ఆయిల్ అనే కిరసనాయిలు వంటి ఇంధనంతో నడిచే రకం కూడా ఉండేది. దాన్నీ పెట్రోలుతోనే స్టార్టు చేసి, మానిఫోల్డు బాగా వేడెక్కాక ఆయిలుకు మార్చేవారు. చల్లగా ఉండగా మారిస్తే ఆ ఆయిలు ఆవిరి కాకుండా సిలిండరు గోడల వెంట జారి ఇంజను ఆయిలులో కలిసేది. బండి ఆపేముందు మళ్లీ పెట్రోలుకు మార్చి కొద్దిసేపు నడిపితేనే మరునాడు సులువుగా స్టార్టయ్యేది. మీ తాతగారి ఇంజను సూత్రమూ ఇదే.

నల్లరేగడి (ఒహాయో)

సైడ్‌వాల్వు గారు ఊహించిందే నిజమైంది. ధార సన్నబడ్డాక మూత వదులు చేస్తే బుస్సుమని గాలి లోపలికి వెళ్లింది, వెంటనే ధార లావయింది. మూత విప్పి చూస్తే లోపలి రంధ్రం మట్టితో, తుప్పుతో పూర్తిగా మూసుకుపోయి ఉంది. శుభ్రం చేసి బిగించాను. వంపు గొట్టం జల్లెడ కూడా తీశాను, సగానికి పైగా ఎర్రటి తుప్పు పొడి పట్టి ఉంది. ఇప్పుడు సీసా నిమిషంన్నరలో నిండుతోంది.

ఇంజను ఇప్పుడు గంటసేపు నడిచినా ఆగడం లేదు. అయితే బరువు పడినప్పుడు ఇంకా కొద్దిగా చోకు లాగితేనే బలం వస్తోంది. స్పీడు నిలకడగా ఉండక ఎక్కుతూ దిగుతూ ఊగుతోంది. ప్లగ్గులు తీసి చూస్తే నల్లగా మసి పట్టి ఉన్నాయి. పెట్రోలు తక్కువైతే మసి ఎందుకు పడుతుందో నాకు అర్థం కాలేదు.

ఆటోనగర్ మిస్త్రీ (విజయవాడ)

కాయిలు విషయంలో నా అనుమానం తప్పింది, సంతోషం. మసి సంగతి నేను చెబుతాను. మీరు ఇన్నాళ్లూ సగం చోకు లాగి నడిపారు, అడుగు స్క్రూ మూడు చుట్లు వదులు చేసి కూడా నడిపారు. ఆ మసి అప్పటిది. పాత మసి ఉన్న ప్లగ్గుల రంగు చూసి సర్దుబాటు చేస్తే తప్పుదారి పడతారు. ప్లగ్గులను శుభ్రం చేసి, లేదా కొత్తవి వేసి, ఆ తర్వాతి రంగునే లెక్కలోకి తీసుకోండి.

స్పీడు ఊగుతోందంటే గాలి ఎక్కువైన లక్షణమే. ఇక కార్బురేటర్ విప్పవలసిందే. విప్పినప్పుడు ముందు ఫ్లోటు చూడండి, అంటే గిన్నెలో పెట్రోలు మీద తేలుతూ మట్టాన్ని అదుపు చేసే డొల్ల. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల పెట్రోలు శబ్దం వినిపించకూడదు. అనుమానముంటే, పెట్రోలు తడి పూర్తిగా ఆరాక, మంట లేని చోట వేడినీళ్లలో ముంచండి, చిల్లు ఉంటే బుడగలు వస్తాయి. ఫ్లోటు ఉన్న పై భాగాన్ని తలకిందులుగా పట్టుకుని, గాస్కెట్టుకూ ఫ్లోటుకూ మధ్య ఎడం కొలవండి. ఈ రకానికి ఎంత ఉండాలో సైడ్‌వాల్వు గారు చెప్పాలి.

జెట్లలో తీగ పెట్టి పొడవవద్దు. ఇత్తడి మెత్తని లోహం, రంధ్రం ఒక్క వెంట్రుకంత పెరిగినా దాని కొలత పోతుంది. కార్బురేటర్ క్లీనరు కొట్టి, గాలి ఊది, ప్రతి దారిలోనూ గాలి అవతలికి వస్తోందో లేదో వేలు పెట్టి చూడండి. కళ్లద్దాలు పెట్టుకోండి, ఆ క్లీనరు ఎదురు చిమ్మితే కళ్లకు ప్రమాదం.

సైడ్‌వాల్వు (టెక్సస్)

ఎడం పావు అంగుళం ఉండాలి, అంటే ఆరు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. రెండు వైపులా ఫ్లోటు సమానంగా ఉండాలి. ఎడం ఎక్కువైతే ఫ్లోటు ముందుగానే పెట్రోలును ఆపేస్తుంది, గిన్నెలో మట్టం తగ్గుతుంది, మిశ్రమం అన్ని వేగాల్లోనూ పలచబడుతుంది. ఆ లోటును అడుగు స్క్రూతో పూడ్చాలని చూస్తే ఎన్ని చుట్లు తిప్పినా సరైన చోటు దొరకదు. కొలిచేటప్పుడు తప్పనిసరిగా గాస్కెట్టు ఉంచి కొలవండి.

కార్బురేటర్ చేతిలో ఉండగానే థ్రాటిల్ ఇరుసు పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడండి. బాగా ఆడుతుంటే అక్కడి నుంచి కూడా దొంగ గాలి లోపలికి వెళ్తుంది. మానిఫోల్డుకు బిగించే చోట కొత్త గాస్కెట్టు వేయండి.

మూడెకరాలు (డల్లస్)

నేనూ ఇలాంటి బండి కొనే ఆలోచనలో ఉన్నాను. అన్నీ శుభ్రం చేసి బిగించాక చివరి సర్దుబాటు ఏ వరసలో చేయాలో ఎవరైనా ఒక్కచోట వివరంగా రాస్తే నా వంటి వారికి ఉపయోగం.

సైడ్‌వాల్వు (టెక్సస్)

రాస్తాను. ముందు డిస్ట్రిబ్యూటర్‌లో స్పార్కు కోసం కరెంటును తెంచే పాయింట్ల ఎడం సరిగా ఉండాలి. ముందు రకం డిస్ట్రిబ్యూటర్‌కు అది అంగుళంలో వెయ్యో వంతులు 15, పక్క రకానికి 25. ముందు రకాన్ని రెండు బోల్టులు విప్పి బయటికి తీసి బల్ల మీద పెట్టుకుని సర్దడమే సుఖం. ప్లగ్గుల ఎడం 25. ఇవి సరిగా లేకుండా మిశ్రమం సర్దడం మొదలుపెడితే స్పార్కు లోపాన్ని పెట్రోలుతో కప్పిపుచ్చినట్టే అవుతుంది.

తర్వాత రెండు సూదులనూ ఆనే వరకు బిగించి ఒక్కో చుట్టు వదులు చేసి ఇంజను స్టార్టు చేయండి. అరగంట పని చేయించి పూర్తిగా వేడెక్కనివ్వండి, చోకు పూర్తిగా లోపలికి ఉండాలి. చల్లని ఇంజను మీద చేసిన సర్దుబాటు వేడెక్కాక ఎప్పుడూ చిక్కగా తేలుతుంది.

స్లో సర్దుబాటు చూద్దాం. థ్రాటిల్ పూర్తిగా తగ్గించి, స్లో వేగాన్ని ఆపే స్క్రూతో నిమిషానికి 400 చుట్ల దగ్గరగా పెట్టండి. మీటరు లేకపోతే చెవిని నమ్మండి, ఒక్కొక్క దెబ్బా విడివిడిగా వినిపించేంత నెమ్మదిగా ఉండాలి. ఇప్పుడు పై సూదిని మెల్లగా ఇటూ అటూ తిప్పుతూ ఇంజను అన్నిటికన్నా నున్నగా, వేగంగా నడిచే చోటు వెతకండి. వేగం పెరిగితే ఆపే స్క్రూతో తగ్గించి, మళ్లీ ఒకసారి సూది చూడండి. పై సూది బిగిస్తే చిక్కన, వదిలితే పలచన అన్నది మనసులో ఉంచుకోండి.

మెయిన్ సూది దగ్గరే అసలు ఓపిక కావాలి. థ్రాటిల్ ముప్పావు వంతు తెరిచి, అడుగు సూదిని ఎనిమిదో వంతు చుట్టు చొప్పున బిగిస్తూ పోండి, ప్రతిసారీ కొన్ని సెకన్లు ఆగండి, ఎందుకంటే మార్పు వెంటనే తెలియదు. ఇంజను తడబడటం మొదలైన చోట ఆగి, మళ్లీ నున్నగా నడిచే వరకు వదులు చేసి, ఆపైన ఇంకో ఎనిమిదో వంతు వదలండి. ఇది షెడ్డు ముందు నిలబెట్టి చేసే సర్దుబాటు మాత్రమే. బరువు లేని ఇంజనుకు ఆకలి తక్కువ కాబట్టి పలచని మిశ్రమంతో కూడా నున్నగా నడుస్తుంది. పొలంలోకి తీసుకెళ్లి, దట్టమైన గడ్డిలో కోస్తూనో, నాగలి దించి దున్నుతూనో చూడాలి. బరువు పడినప్పుడు ఎదురు కొడితే, లేదా చోకు కొద్దిగా లాగితే బలం పెరిగితే, ఎనిమిదో వంతు వదలండి. పొగ గొట్టంలో నల్లని పొగ వస్తే అంతే బిగించండి. సూది తిప్పే ప్రతిసారీ బండిని న్యూట్రల్‌లో ఆపి, వెనక యంత్రం తిరగడం ఆగాకే దిగండి.

నల్లరేగడి (ఒహాయో)

రెండు వారాలు ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, విడిభాగాలు రావడానికి సమయం పట్టింది. కార్బురేటర్ విప్పితే ఫ్లోటు ఎడం అంగుళంలో మూడు ఎనిమిదో వంతులు ఉంది. శుభ్రం చేసిన షాపువారు, ఫ్లోటు లేచినప్పుడు పెట్రోలును ఆపే సూదినీ అది ఆనే సీటునూ కొత్తవి వేశారు గానీ ఫ్లోటు కొలవలేదని తెలుస్తోంది. సూదిని తాకే ఫ్లోటు నాలుకను మెల్లగా వంచి పావు అంగుళానికి తెచ్చాను. ఫ్లోటులో చిల్లు లేదు. థ్రాటిల్ ఇరుసు కొద్దిగా ఆడుతోంది కానీ ఇప్పటికి పనికొస్తుందనిపించింది. పాయింట్లు పదికి దగ్గరగా మూసుకుపోయి ఉంటే పదిహేనుకు సర్దాను. ఈ పని మిస్త్రీ గారి మాట వల్లనే చేశాను.

తర్వాత సైడ్‌వాల్వు గారు చెప్పిన వరసలో సర్దుబాటు చేశాను. పై సూది ముప్పావు చుట్టు దగ్గర నిలిచింది. అడుగు సూది షెడ్డు దగ్గర ఒక చుట్టు చాలనిపించింది, కానీ పొలంలో దున్నుతుంటే ఒకటింపావు దగ్గరే పూర్తి బలం వచ్చింది. మొదట మూడు చుట్లు వదిలినా రాని బలం ఇప్పుడు ఇంత తక్కువలో రావడం నాకు ఆశ్చర్యం కలిగించింది. నిన్న మూడు గంటలు ఆగకుండా గడ్డి కోశాను. చోకు ముట్టుకోలేదు. కొత్త ప్లగ్గులు నాలుగూ లేత గోధుమ రంగులో ఉన్నాయి.

ఒక్క అనుమానం మిగిలింది. బండి ఆపి గంట తర్వాత చూస్తే కార్బురేటర్ గాలి గొట్టం కింద నేల మీద అరచేయంత పెట్రోలు తడి కనిపించింది.

ఆటోనగర్ మిస్త్రీ (విజయవాడ)

కొత్త సూది, కొత్త సీటు కదా బాబూ, వాటి మధ్య చిన్న తుప్పు రేణువు నిలిచి ఉంటుంది. గిన్నె అడుగు బోల్టు విప్పి పెట్రోలు పారనిచ్చి ఒకసారి కడిగేయండి. అప్పటికీ కారితే విప్పి సీటు చూడాలి. ఈలోగా బండి ఆపిన ప్రతిసారీ ట్యాంకు కింది కుళాయి కట్టేయండి. ఎక్కువ రోజులు బండి తీయకపోతే కుళాయి కట్టి, ఇంజను దానంతటది ఆగేవరకు నడిపి గిన్నె ఖాళీ చేయండి.

సైడ్‌వాల్వు (టెక్సస్)

దానికి తోడు ఇక్కడ బంకుల్లో దొరికే పెట్రోలులో సాధారణంగా పది శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. అది తేమను పీల్చుకుంటుంది, నిలవ ఉంటే గిన్నెలో జిగురు కడుతుంది. మీకు దగ్గర్లో ఇథనాల్ లేని పెట్రోలు దొరికితే, కనీసం చలికాలం ముందు చివరి ట్యాంకు అదే పోయించండి. ట్యాంకులో తుప్పు ఉందని తెలిసింది కాబట్టి, మొదటి నెల వారానికోసారి గాజు గిన్నెనూ వంపు గొట్టం జల్లెడనూ చూడటం మానవద్దు.

నల్లరేగడి (ఒహాయో)

కుళాయి కట్టి పెట్టి ఈ ఉదయం చూశాను, నేల పొడిగా ఉంది. గిన్నె అడుగు బోల్టు విప్పి పారిస్తే రెండు తుప్పు పెచ్చులు సీసాలోకి వచ్చాయి. కుళాయి తెరిచి గంటసేపు కనిపెట్టుకుని ఉన్నాను, మళ్లీ కారలేదు. శనివారం గాజు గిన్నె విప్పి చూసి, ఏం కనిపించిందో ఇక్కడే రాస్తాను.